పాల సొర వచ్చిన వేసవి

మొన్న మా పక్కింటివాళ్లు గుమ్మాలకి చెదలు పట్టాయని వడ్రంగిని పిలిచి జీడి నూనె పూయించారు. గుంటూరు బ్రాడీపేటలో ఇళ్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఒకరింట్లో పోపు వేస్తే నాలుగిళ్లలో తుమ్ములు వినిపిస్తాయి. ఇక జీడి నూనె సంగతి చెప్పాలా! మా ఆయన "ఏంటే ఈ కంపు" అని కిటికీ మూశాడు. నేను తెరిచాను. ఆయన మళ్లీ మూశాడు. ఇలా లాభం లేదని నేనే కుర్చీ లాక్కుని వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. జీడిగింజల తొక్కల్ని కాల్చి తీసే ఆ నల్లటి నూనె ముక్కులో దూరి గొంతు దాకా గీరుకుంటూ పోతుంటే, వేటపాలెంలో కాలువ గట్టు మీద బోర్లించి పెట్టిన మా తాతయ్య పడవ కళ్లముందుకొచ్చింది. దాని వెనకాలే, నేను తలుచుకోవద్దనుకునే ఒక వేసవి కూడా వచ్చింది.

మాది ప్రత్తిపాడు. నాన్నది పత్తి, మిరప వ్యవసాయం. ఎండలు ముదిరేసరికి కల్లం నిండా ఎర్రగా పరిచిన మిరపకాయలు, వాటి మధ్య ముక్కులకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరే ఆడకూలీలు, వాళ్లతో పాటు వంగి వంగి నడుం పట్టేసిన అమ్మ, గాలి ఎటు తిరిగితే అటు మొహం తిప్పుకునే గేదెలు. ఆ ఘాటుకి నాకు దగ్గు పట్టుకునేది, పట్టుకుందంటే వదిలేది కాదు. అందుకని ఒంటిపూట బడులు అయిపోగానే ఒక చేతిసంచిలో నాలుగు గౌన్లు, ఒక గోనెసంచిలో తాతయ్యకోసం ఇంత దూది కుక్కి, నాన్న నన్ను వేటపాలెం తీసుకెళ్లి అమ్మమ్మకి అప్పజెప్పేవాడు. మళ్లీ బడులు తెరిచేదాకా నేను ఆవిడ సొత్తు.

వేటపాలెంలో పొద్దున లేస్తే ఇసుక, రాత్రి పక్క దులిపితే ఇసుక. జీడిపప్పు ఫ్యాక్టరీల పొగ ఊరి మీద పల్చగా వేలాడుతుండేది, గింజలు కొట్టి ఇళ్లకెళ్లే ఆడవాళ్ల వేళ్లు నల్లగా, చర్మం పొరలు లేచిపోయి ఉండేవి. తోటల్లో రాలిన జీడిమామిడి పళ్లు తిని గౌను మీద మరకలు చేసుకోవడం, అది వదలదని తెలిసీ అమ్మమ్మ బావి దగ్గర బండకేసి బాదుతూ నన్ను కూడా రెండు బాదడం, ముంజెల కాయలకి పుల్ల గుచ్చి బండి చేసుకుని గట్టంతా దొర్లించడం, ఎండ్రకాయ బొరియలో కాలివేలు పెట్టి ఎవరు ముందు కెవ్వుమంటారా అని పందెం కాయడం. నాన్న నన్ను ముందే దింపేసిన ఏడైతే గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం దాకా గుళ్లో ఆకలితో కూర్చోవడం, ఈస్టర్ నాడు చీకటితోనే లేచి పాటలు పాడుకుంటూ ఊరంతా తిరిగొచ్చి అమ్మమ్మ చేసిన గారెలూ కోడికూరా తినడం. చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది.

తాతయ్య మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకి చేపల పిచ్చి. అమ్ముకోవడానికి కాదు, పెద్దగా తినేవాడూ కాదు, ఊరికే పట్టడం ఇష్టం. గాలానికి ఎర గుచ్చి, నైలాన్ దారాన్ని చూపుడువేలికి ఒక చుట్టు చుట్టి, నోట్లో ఏదో కీర్తన సన్నగా కూనిరాగం తీస్తూ గంటలకి గంటలు అలా ఉండిపోయేవాడు. లెక్క తప్పు చేసిన పిల్లల మీద ఒకప్పుడు బెత్తం విరగ్గొట్టిన మనిషి, తప్పించుకుపోయిన చేపని మాత్రం "పోనీలే పాపం" అనేవాడు. అమ్మమ్మకి ఒళ్లు మండేది. "ఆ ఓపికలో పావొంతు నా మీదుంటే నా బతుకు బాగుపడేది" అని గుళ్లో ఆడవాళ్ల ముందే అనేసేది.

ఆయన పడవ పాతది. పల్లెపాలెం కోటయ్య దాని మీద చాలాకాలం వేట చేసి, అందరితో పాటు ఫైబర్ బోటుకి మారినప్పుడు తాతయ్యకి ఇచ్చాడు. ఇచ్చాడన్న మాటేగానీ వదల్లేదు. కూతుర్ని అత్తారింటికి పంపిన తండ్రి లాగా వారానికోసారి వచ్చి, పడవ చుట్టూ తిరిగి, చెక్కల మీద తట్టి, "మాస్టారూ, ఇక్కడ పురుగు తొలుస్తంది, చూసుకోవట్లేదు మీరు" అని దెప్పి, అమ్మమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్లేవాడు. వాళ్లిద్దరికీ ఒక పట్టింపు ఉండేది. పడవలో ఉండగా సొరచేప పేరు ఎత్తకూడదు. పెద్దాయన అనాలి. దేవుణ్ణి తప్ప ఇంకెవర్నీ నమ్మనని చెప్పే తాతయ్య కూడా పడవెక్కితే పెద్దాయన అనే అనేవాడు.

ప్రతి ఎండాకాలం పడవని గట్టు మీదికి లాగి, బోర్లించి, తాటాకు పందిరి కింద బాగుచేసేవాళ్లు. ముందు కొబ్బరిచిప్పతో, తర్వాత పాత కత్తితో అడుగున పట్టిన గుల్లలన్నీ గీకేయాలి. తర్వాత అతుకుల్లో పాత దూది పీకేసి, మా పొలంలోంచి వచ్చిన కొత్త దూదిని తాళ్లలాగా పేని, కరిగించిన గుగ్గిలంలో ముంచి, ఉలితో మెల్లగా కొట్టుకుంటూ కూరాలి. మా నాన్న పండించిన పత్తి సముద్రం మీద తేలుతుందని నాకు గొప్పగా ఉండేది. ఆ తర్వాత జీడి నూనె. అది పచ్చిగా ఒంటికి తగిలితే నిప్పు పడ్డట్టే, బొబ్బలెక్కుతుంది. అందుకని తాతయ్య మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకుని, నన్ను పందిరి స్తంభం దాటి రావద్దని గీత గీసి, పీచు కుంచెతో పూత పూసేవాడు. ఎండకి ఆ పూత మరుగుతుంటే వచ్చేదే నేను చెప్పిన వాసన.

అంతా అయ్యాక చేసే పనే నాకు అన్నింటికన్నా విచిత్రం. అంత కష్టపడి బాగుచేసిన పడవని కాలువలోకి తోసి, అందులో ఇసుక బస్తాలు వేసి, కావాలని ముంచేసేవాళ్లు. అలా రోజుల తరబడి నీళ్ల కిందే ఉంచేవాళ్లు.

"బాగుచేసి ముంచడమేంటి తాతయ్యా, పిచ్చా?" అన్నాను ఒకసారి.

"ఎండకి చెక్క కుంచించుకుపోయుంటదమ్మా. అది తాగాల్సిన నీళ్లు ముందే తాగేసి ఉబ్బితే, మనం ఎక్కాక తాగదు" అన్నాడు.

ఇక ఆ వేసవి సంగతి. మా అమ్మ చెల్లెలు కరుణ పిన్ని తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. బాబాయిది ఒంగోల్లో ఉద్యోగం, ఆదివారాలు వచ్చి వెళ్లేవాడు. నేను వెళ్లేసరికి పిన్నికి మగపిల్లాడు పుట్టి ఇంకా పురిటి మంచం మీదే ఉంది. కాన్పు కష్టమైంది, తర్వాత జ్వరం పట్టుకుంది, ఆ జ్వరానికి పాలు ఎండిపోయాయి. డబ్బా పాలు పడితే పిల్లాడు కక్కుతున్నాడు, నీళ్లలా విరేచనాలు. చీరాల డాక్టరమ్మ చూసి "తల్లి పాలు పడితేనే వీడు నిలబడేది, ఎలాగైనా పట్టించండి" అని చెప్పి పంపింది. ఎలాగైనా అంటే ఎలాగో ఆవిడ చెప్పలేదు. పిల్లాడి కాళ్లు నా చేతివేళ్ల లాగా ఉండేవి. మొదట్లో గుక్కపెట్టి ఏడ్చేవాడు, తర్వాత తర్వాత నోరు తెరిచేవాడు గానీ గొంతు వచ్చేది కాదు. ఆ చప్పుడు లేని ఏడుపు చూసి నాకు అన్నం సయించేది కాదు. పిన్ని వాణ్ణి రొమ్ముకి ఆనించుకుని, వాడు కాసేపు చప్పరించి మొహం తిప్పేసుకుంటే, గోడవైపు తిరిగి పడుకునేది.

అమ్మమ్మకి ఒక్కటే తెలుసు. బాలింతకి పాలు పడాలంటే పాల సొర పెట్టాలి. మా తీరంలో కులమతాలతో పని లేకుండా అందరూ నమ్మే మాట అది. చిన్న రకం సొర, మూరెడు రెండు మూరలు ఉంటుంది. దాన్ని ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి వేపిన పిట్టు పెడితే ఎండిన రొమ్ము కూడా నిండుతుందంటారు. వేసవిలో అవి ఒడ్డుకి దగ్గరగా, కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వస్తాయి. ఎందుకు వస్తాయని అప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. వస్తాయి, పట్టుకుంటాం, అంతే.

ఆ ఏడు రాలేదు. అమ్మమ్మ రోజూ పొద్దున్నే చేపల గంపల దగ్గర నిలబడి ఖాళీ చేతులతో వచ్చేది. పల్లెపాలెం ఆడవాళ్లు, "ఒక్కటి పడినా నీకే అట్టిపెడతాంలే అమ్మగారూ" అనేవాళ్లు. అయినా దొరకలేదు. చివరికి ఒకరోజు ఆవిడ పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి, పందిరి కింద గాలపు ముళ్లు సానబట్టుకుంటున్న తాతయ్య ఒళ్లో పడుకోబెట్టింది.

"ఇన్నేళ్లూ సరదాకి పట్టావుగా. ఒక్కసారి అవసరానికి పట్టు" అంది.

తాతయ్య పిల్లాడి అరచేతిలో తన వేలు పెట్టాడు. వాడు పట్టుకోలేదు. ఆయన మొహం ఎలా అయిపోయిందో నాకిప్పటికీ గుర్తుంది.

పడవ పూత అప్పుడే ఆరింది, ఇంకా ముంచలేదు. కోటయ్య ఫైబర్ బోటు ఇంజిన్ పాడై చీరాల షెడ్డులో ఉంది, మిగతావాళ్లంతా ముందే లోపలికి వేటకి వెళ్లిపోయారు. కోటయ్య ఎంతో చెప్పాడు. "నానకుండా దింపితే అతుకులు విడతయ్ మాస్టారూ, జల్లెడే. నాలుగు రోజులాగండి." తాతయ్య, "నాలుగు రోజులు వాడు ఆగుతాడా?" అన్నాడు. అంతే, కోటయ్య తెడ్డు భుజాన వేసుకుని బయల్దేరాడు. బడిపిల్లలకి కూడా తెలిసిన సంగతి, చెక్క నానకుండా పడవ దింపకూడదని. అది తెలిసిన ఇద్దరు పెద్దమనుషులు తెలిసి తెలిసి దింపారు.

తెల్లారగానే అమ్మమ్మా నేనూ మొగ దగ్గర ఇసుక దిబ్బ మీద కూర్చున్నాం. పిన్ని దగ్గర ఇరుగమ్మని ఉంచి వచ్చాం. పడవ దూరం పోలేదు, కేకేస్తే వినబడేంత దూరంలోనే లంగరు వేశారు. తాతయ్య చిన్న కవళ్ల చేపల్ని ఎరగా గుచ్చి గాలం వదిలాడు. కోటయ్య మాత్రం గాలం వైపు చూడనేలేదు, డాల్డా డబ్బాతో నీళ్లు తోడి పోస్తూనే ఉన్నాడు. ఎండ ఎక్కేకొద్దీ ఆయన చెయ్యి వేగం పెరిగింది, పడవ అంచు నీళ్లకి దగ్గరైంది. అమ్మమ్మ ప్రార్థన చేస్తూ మధ్యలో ఆపి, "ఏమే, పడవ కుదించుకుపోతోందా, నా కళ్లకలా కనపడతందా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు పడింది. తాతయ్య చెయ్యి ఒక్కసారిగా నీళ్లలోకి లాగేసినట్టు వంగింది. దారం వేలు కోసింది, అయినా వదల్లేదు. కోటయ్య లంగరు తాడు తెంపేసి తెడ్డు అందుకున్నాడు. నీళ్లు తోడేవాళ్లు లేరు. పడవ మోకాళ్ల లోతు నీళ్లతో ఈడ్చుకుంటూ దిబ్బ వైపు వస్తోంది.

"దారం కొయ్యండి మాస్టారూ! పడవ పోద్ది! మనం పోతాం!"

తాతయ్య కొయ్యలేదు. జీవితమంతా తప్పించుకున్న ప్రతి చేపనీ దీవించి పంపిన మనిషి ఆ ఒక్కదాన్ని వదల్లేదు. ఒక పెద్ద కెరటం వెనక నుంచి వచ్చి పడవని అడ్డంగా తిప్పి దిబ్బకేసి కొట్టింది. చెక్క విరిగిన చప్పుడు విన్నాను. గుండెల లోతు నీళ్లలోంచి ఇద్దరూ లేచి వచ్చారు. తాతయ్య చేతికి రక్తం కారుతోంది, ఆ చేతికి చుట్టిన దారం చివర బూడిద రంగు పాల సొర ఇసుక మీద కొట్టుకుంటోంది. కోటయ్య దాని వంక చూడకుండా విరిగిన పడవ దగ్గర కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మమ్మ మాత్రం "దేవా, నీకు స్తోత్రం" అని చీర కొంగులో సొరని చుట్టుకుని పరుగెత్తింది.

పెరట్లో కత్తిపీట వేసి దాని పొట్ట కోసింది. లోపల పిల్లలున్నాయి. నాలుగైదు ఉంటాయేమో, జానెడు జానెడు, తల్లికి ఇంకా బొడ్డు తాళ్లతో అంటుకుని, నేల మీద పడగానే తోకలు ఆడించాయి. అమ్మమ్మ చెయ్యి ఆగిపోయింది. తలెత్తి చూస్తే గుమ్మంలో పిన్ని. జ్వరం మొహంతో, తలుపు పట్టుకుని, పచ్చి బాలింత ఎప్పుడు లేచి వచ్చిందో!

"అయ్యో, అదీ నాలాంటిదేగదమ్మా" అంది.

"లోపలికి ఫోవే" అని అరిచింది అమ్మమ్మ.

తాతయ్య గబగబా వచ్చి ఆ పిల్లల్ని, రక్తం కారే చేత్తోనే, బకెట్లోకి ఎత్తుకుని మొగ వైపు పరుగెత్తాడు. అవి బతికాయో లేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేను ఒకసారి అడిగితే, ఆ చెంబు ఇటివ్వు అన్నాడు.

పిట్టు వండిన వాసన ఇల్లంతా నిండింది. కారం లేదు, పసుపూ మిరియం వెల్లుల్లీ అంతే. పిన్ని నోరు తెరవనంది. "దాని పిల్లల్ని చంపి నా పిల్లోడికి పాలా? నాకొద్దు. చచ్చినా తినను." అమ్మమ్మ పళ్లెం పట్టుకుని మంచం మీద కూర్చుంది. "అవి చచ్చిపోయినయ్యే. నీ వాడు ఇంకా ఉన్నాడు. తిను." అమ్మమ్మ కళ్లలో నీళ్లు అదే మొదటిసారి చూడటం. పిన్ని తింది. ప్రతి ముద్దకీ వెక్కుతూ, కక్కొస్తుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మింగుతూ తింది. మర్నాడూ తింది. ఆ వారం తిరక్కుండా పాలు పడ్డాయి. పిల్లాడు ఇల్లెగిరిపోయేలా ఏడవడం మొదలుపెట్టాడు. ఆ ఏడుపు వినడానికి వీధిలో వాళ్లు వచ్చేవాళ్లు. వాడికి దయాకర్ అని పేరు పెట్టారు, మేమంతా దయ అంటాం.

తాతయ్య మళ్లీ గాలం పట్టుకోలేదు. విరిగిన పడవని కోటయ్యే బండి మీద మా పెరట్లోకి తెచ్చి బోర్లించాడు. దాని కింద కోళ్లు గుడ్లు పెట్టేవి. కొన్నాళ్లకి క్రిస్మస్ పిండివంటలప్పుడు ఒక్కో చెక్కా పొయ్యిలోకి పోయింది. పిన్ని ఆ తర్వాత చేప ముట్టలేదు. ఎప్పుడు అందరూ కలిసినా అమ్మమ్మకీ పిన్నికీ ఒకటే పోట్లాట. "నేను పెట్టిన సొరే వీణ్ణి బతికించింది" అని అమ్మమ్మ. "జ్వరం తగ్గింది, పాలొచ్చాయి. దాన్ని అన్యాయంగా చంపారు" అని పిన్ని. తాతయ్య అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేవాడు. ఆయన పోయాడు, కోటయ్య పోయాడు, అమ్మమ్మ కూడా పోయింది. చివరిరోజుల్లో కూడా ఆవిడ పిన్నితో, "ఒప్పుకోవే, ఒక్కసారి ఒప్పుకుంటే నీ సొమ్మేం పోద్ది" అనేది. పిన్ని ఒప్పుకోలేదు.

ఇప్పుడు వేటపాలెం వెళితే కాలువ గట్టున చెక్క పడవ ఒక్కటి కనపడదు. అతుకుల్లో దూది కూరడం వచ్చినవాళ్లు లేరు, ఉన్నా కూరడానికి పడవ లేదు. మా పెరడున్న చోటు దాకా రొయ్యల చెరువులు వచ్చేశాయి. మొగ ఏడాదిలో సగం ఇసుకతో పూడిపోయి ఉంటుంది. గుంటూరు చేపల మార్కెట్లో పాల సొర కావాలంటే, కుర్రాళ్లు నన్ను ఎగాదిగా చూసి చెరువు చేప చూపిస్తారు. ఎటు పోయాయి ఆ సొరలు అని అందరూ ఆశ్చర్యపోతారు, నాకు ఆ ఆశ్చర్యం చూస్తే ఒళ్లు మండుతుంది. ఎటు పోతాయి? అవి ఒడ్డుకి వచ్చేదే పిల్లల్ని కనడానికి. ఊరూరా బాలింత ఉంది, బాలింత బాలింతకీ ఒక అమ్మమ్మ ఉంది. మనమే తిన్నాం. మనవాళ్లు బతకాలనే తిన్నాం. ఇందులో తప్పెవరిదో నాకు ఇప్పటికీ తేలడం లేదు.

దయకి తాతయ్య పిచ్చే పట్టింది. బాపట్లలో ఉద్యోగం, సెలవు రోజొస్తే చాలు స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లో కొన్న రాడ్లూ రీళ్లూ వేసుకుని వేటపాలెం ఒడ్డున ఉంటాడు, పట్టిన చేపతో ఫొటో దిగి వదిలేస్తాడు. పోయిన వేసవిలో పిన్నికి ఇక్కడ బ్రాడీపేటలోనే కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి ముసుగు పట్టినట్టు మసక. మా ఇంట్లోనే ఉంది. ఆ ఆదివారం పొద్దున దయ వీడియో కాల్ చేశాడు. "అక్కా, చూడు చూడు, ఏం పడిందో!" ఇసుక మీద పాల సొర. పొట్ట ఉబ్బుగా ఉంది. స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకుని ఫొటోలు దిగుతున్నారు. "ఏంటది?" అంది పిన్ని. నాకు దాచడం రాదు, చెప్పేశాను. కడుపుతో ఉన్నట్టుందని కూడా చెప్పేశాను.

పిన్ని తడుముకుంటూ ఫోన్ నా చేతిలోంచి లాక్కుని మొహానికి ఆనించుకుంది.

"నాన్నా, దాన్ని వదిలెయ్యరా. ఇప్పుడే, ఈ క్షణమే వదిలెయ్. నువ్వు తాగింది దాని పాలేరా."

అవతల కుర్రాళ్ల నవ్వులు ఆగిపోయాయి. అమ్మమ్మ బతికుండగా పిన్ని ఒక్కసారి కూడా అనని మాట.

దయ దాన్ని రెండు చేతుల మీదా ఎత్తుకుని నడుం లోతు నీళ్లలోకి వెళ్లాడు. వాడి ఫోన్ ఎవరో స్నేహితుడి చేతిలో ఉంది, నా ఫోన్ నేను పిన్ని దగ్గర్నుంచి తీసుకుని చూస్తున్నాను. వాడు వదిలాడు. అది పక్కకి ఒరిగింది. వాడు నిలబెట్టాడు, ముందుకీ వెనక్కీ నెమ్మదిగా ఊపాడు, మళ్లీ వదిలాడు. కెరటం దాన్ని తెచ్చి వాడి కాళ్ల దగ్గరే పడేసింది, తెల్లటి పొట్ట పైకి ఉంది. దయ ఫోన్ వైపు తిరిగాడు. తల అడ్డంగా ఊపాడు.

"వెళ్లిందా?" అంది పిన్ని.

"వెళ్లింది పిన్నీ."

"ఈదుకుంటూనే వెళ్లిందా? పిల్లలతోనే?"

"పిల్లలతోనే వెళ్లింది."

పిన్ని కట్టు లేని కంటిని కొంగుతో తుడుచుకుని, నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "దాని రుణం ఇప్పటికి తీరిందే" అంది.

నేను ఫోన్ బోర్లా పెట్టేశాను.